కట్టుడు పళ్ళకు జిగురు: ఎంత, ఎప్పుడు, ఎందుకు?



పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అని మనకు ఒక సామెత ఉంది. చేయగల శక్తి ఉన్నప్పుడు అవకాశం రాదు, అవకాశం వచ్చేసరికి శక్తి ఉండదు అని చెప్పడానికి దాన్ని వాడతాం. కాని పళ్ళన్నీ పోయిన పెద్దవారికి అది ఉత్త సామెత కాదు, రోజూ కంచం ముందు ఎదురయ్యే నిజం. వారి కోసమే కట్టుడు పళ్ళు వచ్చాయి. ఆ కట్టుడు పళ్ళు నోట్లో కదలకుండా నిలవడానికి వాడే జిగురు గురించి ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

పదహారు, పద్దెనిమిదేళ్ళ మాకు ఈ విషయం ఎందుకండీ అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబుగా ఒక సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా దంతవైద్య విభాగానికి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన తాతయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో గోడ క్యాలెండరు చుట్టి పట్టుకుంది. మందుల షాపుకు వెళ్ళి తాతయ్యకు జిగురు ట్యూబు తెచ్చేది ఆ అమ్మాయే. తెచ్చిన ప్రతిసారీ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది. మొదట్లో ఒక్కో ట్యూబు రెండు నెలలు వచ్చింది. తరువాత నెల. ఆ తరువాత పది రోజులు. "ఎందుకు ఇలా తగ్గిపోతోంది సార్? తాతయ్య తినడం కూడా తగ్గిపోయింది, పెళ్ళిళ్ళకు రానంటున్నాడు" అని అడిగింది. ఆ పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు. కిందటి నెలలో ఒక పెళ్ళిలో పంక్తిలో అందరి ముందూ కింది పళ్ళ సెట్టు ఊడి విస్తట్లో పడిందట. అప్పటి నుంచి ఆయన బయట భోజనం చేయడం మానేశాడు.

ఆ క్యాలెండరు మాకు ఏ ఎక్స్‌రే కన్నా ముందుగా అసలు విషయం చెప్పింది. అదేమిటో మీకూ అర్థం కావాలంటే ముందు ఒక ప్రాథమిక ప్రశ్న వేసుకోవాలి.

కట్టుడు పళ్ళు అసలు ఎలా నిలుస్తాయి?

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినికి వాడే గాజు పలకలు రెండు తీసుకోండి. పొడిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పెడితే సులభంగా విడిపోతాయి. మధ్యలో ఒక నీటి చుక్క వేసి నొక్కండి. ఇప్పుడు నిటారుగా లాగి విడదీయడం కష్టం. పక్కకు జరిపితే మాత్రం జారతాయి. అదే పలకలను నీటి గిన్నెలో పూర్తిగా ముంచి చూడండి, విడదీయడం చాలా తేలికవుతుంది.

కట్టుడు పళ్ళ రహస్యమంతా ఈ ప్రయోగంలోనే ఉంది. ఒక పలక చిగురు, రెండో పలక కట్టుడు పళ్ళ అడుగు భాగం, మధ్యలోని నీటి చుక్క మన లాలాజలం. లాలాజలం రెండు తలాలనూ తడిపి అంటుకోవడం అసంజనం. లాలాజలపు అణువులు తమలో తాము పట్టుకుని ఉండడం సంసంజనం. ఈ సన్నని పొర అంచు దగ్గర తలతన్యత పని చేస్తుంది. సెట్టు అంచు బుగ్గల లోపలి మెత్తని కండకు సరిగ్గా అమరితే లోపలికి గాలి చొరబడదు. అప్పుడు సెట్టును లాగితే లోపలి పీడనం తగ్గి, బయటి వాతావరణ పీడనం దాన్ని తిరిగి చిగురుకు నొక్కుతుంది.

పై సెట్టు అంగిలినంతటినీ కప్పుతుంది కాబట్టి దానికి వైశాల్యం ఎక్కువ, అంచు అమరిక బాగుంటుంది. కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. మధ్యలో నాలుక ఉంటుంది కనుక కప్పడానికి వీల్లేదు. దానికి దక్కే వైశాల్యం పైదానిలో దాదాపు సగమే. పైగా నోటిలో లాలాజలం చేరేది కింది భాగంలోనే. నీటి గిన్నెలో ముంచిన గాజు పలకల స్థితి దానిది. నాలుక కదిలినప్పుడల్లా అది కూడా కదులుతుంది. అందువల్లనే ఎక్కువ మంది "పై సెట్టు బాగానే ఉంది, కింది సెట్టే నిలవడం లేదు" అంటారు.

పూర్వం ఈ భౌతిక సూత్రాలు తెలియక ముందు పై సెట్టునూ కింది సెట్టునూ స్ప్రింగులతో కలిపేవారు. 1799లో మరణించిన అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ అలాంటి సెట్లే వాడాడు. ఆయన కట్టుడు పళ్ళు కర్రవని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. దంతమూ, మనుషుల పళ్ళూ, సీసమూ కలిపి వాటిని తయారు చేశారు. ఆ స్ప్రింగులు దవడలను ఎప్పుడూ తెరవమని తోస్తుంటే, మూసి ఉంచడానికే ఆయన ఎంతో శ్రమపడవలసి వచ్చేది.

ఎనిమిదో వంతు లెక్క

ఇంటర్మీడియట్ భౌతిక శాస్త్రంలో స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం చదువుతారు. ఆ స్టెఫానే, ఆస్ట్రియా శాస్త్రవేత్త జోసెఫ్ స్టెఫాన్, 1874లో రెండు పలకల మధ్య ద్రవపు పొర గురించి కూడా ఒక సూత్రం చెప్పాడు. పలకలను విడదీయడానికి కావలసిన బలం ద్రవం స్నిగ్ధతకు అనులోమానుపాతంలో ఉంటుంది. పలకల మధ్య ఎడం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే ద్రవం రెండింతలు చిక్కనైతే పట్టు రెండింతలవుతుంది. కాని ఎడం రెండింతలైతే పట్టు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఈ ఒక్క లెక్కను గుర్తుంచుకోండి. ఈ ప్రసంగంలోని సలహాలన్నీ దాని నుంచే వస్తాయి. జిగురు చేసే పని లాలాజలాన్ని చిక్కబరచడం, చిన్న చిన్న ఖాళీలను నింపడం. అది మంచిదే. కాని జిగురును దట్టంగా పూస్తే పొర మందమవుతుంది, సెట్టుకూ చిగురుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఒక చేత్తో ఇచ్చిన పట్టును రెండో చేత్తో తీసేసుకున్నట్లే. జిగురు ఎక్కువైతే పట్టు ఎక్కువవుతుందన్నది అపోహ.

సెట్టు ఎందుకు వదులవుతుంది?

చేయించినప్పుడు సరిగ్గా అమరిన సెట్టు కొన్నేళ్ళకు ఎందుకు వదులవుతుంది? సెట్టు అరిగిపోయిందని చాలామంది అనుకుంటారు. మారింది సెట్టు కాదు, దాని కింద ఉన్న ఎముక. పంటి వేళ్ళు ఉన్నంతకాలం వాటి చుట్టూ ఉన్న దవడ ఎముకకు పని ఉంటుంది. పళ్ళు తీసేసిన తరువాత ఆ గట్టు క్రమంగా కరిగిపోతుంది. మొదటి సంవత్సరంలో ఈ మార్పు వేగంగా జరుగుతుంది, ఆ తరువాత నెమ్మదిగానైనా జీవితాంతం సాగుతూనే ఉంటుంది. కట్టుడు పళ్ళు వాడేవారిని పాతికేళ్ళ పాటు పరిశీలించి 1972లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో కింది దవడ గట్టు పై దవడ గట్టు కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గినట్లు తేలింది.

కాలు సన్నబడినా పాత చెప్పులే వేసుకుని నడుస్తున్న మనిషిని ఊహించుకోండి. చెప్పులో గుడ్డపేలికలు కుక్కితే కొన్నాళ్ళు నడవవచ్చు. కాని పేలికలు పెరుగుతున్నాయంటే చెప్పులు మార్చవలసిన సమయం వచ్చిందని అర్థం. జిగురు కూడా అంతే. మా దగ్గరికి వచ్చిన అమ్మాయి క్యాలెండరు చెప్పింది ఇదే. పెద్దాయన కట్టుడు పళ్ళు చేయించుకుని పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో దవడ గట్టు తగ్గింది. ఆ ఖాళీని ఆయన ట్యూబులతో నింపుతున్నాడు.

జిగురులో ఏముంటుంది?

ఈ జిగురు కథలో మన అడవులకూ చోటుంది. ఉత్తరాంధ్ర మన్యంలో తపసి చెట్టు పెరుగుతుంది. తెల్లని, నున్నని మానుతో బండరాళ్ళ మధ్య కూడా నిలిచే చెట్టు అది. దాని నుంచి గిరిజనులు సేకరించే తపసి బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చాలాకాలంగా కొనుగోలు చేస్తూ వచ్చింది. ప్రపంచ విపణిలో దీన్ని గమ్ కరాయ అంటారు. నీటిలో కరగకుండా ఎన్నో రెట్లు ఉబ్బి జిగటగా మారడం దాని గుణం. ఆ గుణం వల్లనే దాన్ని మెత్తని పొడి చేసి కట్టుడు పళ్ళ జిగురుగా దేశదేశాల్లో వాడారు. కాని దానికి రెండు లోపాలున్నాయి. నోట్లో ఎక్కువసేపు నిలవదు. పైగా కొద్దిగా ఆమ్లగుణం ఉంది కనుక, నోట్లో ఇంకా సొంత పళ్ళు కొన్ని మిగిలి ఉన్నవారికి ఆ పళ్ళ పింగాణీ పొరకు మంచిది కాదు.

ఈనాటి క్రీముల్లో, పొడుల్లో ముఖ్యంగా రెండు పదార్థాలుంటాయి. ఒకటి సోడియం కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. మొక్కల్లోని సెల్యులోజ్ నుంచి తయారయ్యే ఈ పదార్థం తడి తగలగానే ఉబ్బి వెంటనే పట్టు ఇస్తుంది, కాని తొందరగా కరిగిపోతుంది. రెండోది పాలీవినైల్ మిథైల్ ఈథర్ మాలీయిక్ ఆమ్ల లవణం అనే పొడవాటి పేరున్న పాలిమర్. ఇది నెమ్మదిగా పని మొదలుపెట్టి గంటల తరబడి నిలుస్తుంది. క్రీములో వీటిని మృదువుగా ఉంచడానికి పెట్రోలాటమ్, ఖనిజ తైలం కలుపుతారు. ఒకటి త్వరగా పట్టేది, ఒకటి చాలాసేపు నిలిచేది. రెండూ కలిస్తేనే ఉదయం పూసుకున్నది సాయంత్రం వరకు పనిచేస్తుంది.

ఎలా వాడాలి?

ఇప్పుడు అసలు పద్ధతి చూద్దాం. ఇది మీరు తాతయ్యకో, అమ్మమ్మకో, నాయనమ్మకో దగ్గరుండి చూపించవలసినది.

ముందుగా సెట్టును శుభ్రంగా కడగాలి. నిన్నటి జిగురు ఏ మూలనా మిగలకూడదు. పాత పొర మీద కొత్త పొర పూస్తే ఎడం పెరుగుతుంది, కింద సూక్ష్మజీవులూ పెరుగుతాయి. క్రీము వాడేటట్లయితే సెట్టును శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా తుడవాలి. పొడి వాడేటట్లయితే సెట్టును తడిపి, పొడిని పలచగా చల్లి, అంటుకోని పొడిని దులిపేయాలి.

క్రీమును శనగ గింజంత చుక్కలుగా పెట్టండి. పై సెట్టుకు చిగురు కూర్చునే గాడిలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, ముందు ఒకటి పెట్టాలి. అవసరమైతే అంగిలి మధ్యన ఇంకొకటి చాలు. కింది సెట్టుకు గాడి వెంట మూడు చుక్కలు. అంచులకు దగ్గరగా పెట్టవద్దు, నొక్కినప్పుడు బయటికి కారుతుంది. మొదటి రోజు ఇంతకన్నా తక్కువతోనే మొదలుపెట్టి, చాలకపోతే మరునాడు కాస్త పెంచాలి. ఎక్కువతో మొదలుపెట్టి తగ్గించడం ఎవరివల్లా కాదు.

తరువాత నోరు నీటితో పుక్కిలించి, సెట్టును సరైన చోట కూర్చోబెట్టి, కొన్ని క్షణాలు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టాలి. ఆపైన పళ్ళు కరిచి పట్టి ఉంచాలి. పక్కల నుంచి జిగురు బయటికి వస్తే అది ఎక్కువైందని గుర్తు. దాన్ని తడిగుడ్డతో తుడిచేసి, మరునాడు తగ్గించాలి. పెట్టుకోగానే వేడి కాఫీ తాగకుండా కొద్ది నిమిషాలు ఆగాలి. ఇలా రోజుకు ఒక్కసారి వాడితే చాలాలి. రెండోసారి, మూడోసారి పూయవలసి వస్తే అది జిగురు లోపం కాదు, సెట్టు అమరికను చూపించుకోవాలి.

తినే పద్ధతి కూడా పట్టును నిలుపుతుంది. ముందు పళ్ళతో జామకాయ కొరికితే సెట్టు వెనక భాగం పైకి లేస్తుంది. ముక్కలుగా కోసుకుని, ఒకేవైపు కాకుండా రెండు వైపులా కొంచెం కొంచెం పెట్టుకుని నమిలితే బరువు సమానంగా పడుతుంది.

మాటకూ ఇందులో భాగముంది. మన వ్యాకరణంలో త, థ, ద, ధ, న లను దంత్యాలని, వ ను దంతోష్ఠ్యమని ఎందుకన్నారో మీకు తెలుసు. వీటిని పలకడానికి నాలుకకో పెదవికో పై పళ్ళ ఆసరా కావాలి. పళ్ళు కదిలితే ఈ అక్షరాలే ముందు తడబడతాయి. పేపరు బయటికి చదివిస్తే సాధన అవుతుంది. మీరు పక్కన కూర్చుని వినండి, నవ్వకండి.

రాత్రి తీసేయడం

జిగురు పెట్టడం ఎంత ముఖ్యమో, తీయడం అంతకన్నా ముఖ్యం. సెట్టు గట్టిగా పట్టుకుని ఉంటే లాగవద్దు. గోరువెచ్చని నీరు పుక్కిలించి, బుగ్గలు ఉబ్బించి, అంచు దగ్గర వేలితో మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే గాలి చొరబడి వదులవుతుంది. చిగుళ్ళ మీద, అంగిలి మీద మిగిలిన జిగురును తడిపిన మెత్తని గుడ్డతోగాని మెత్తని బ్రష్షుతోగాని తుడవాలి.

సెట్టును కడిగేటప్పుడు కింద నీళ్ళున్న బేసిన్ గాని మడిచిన తువ్వాలు గాని ఉంచండి. చేయి జారితే పగలదు. మెత్తని బ్రష్షు, కొద్దిగా సబ్బు చాలు. పళ్ళపొడి, ఉప్పు, బొగ్గు, బూడిద, ఆఖరికి టూత్‌పేస్టు కూడా వద్దు. కట్టుడు పళ్ళను ఎక్కువగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. గరుకు పదార్థాలు దాని మీద గీతలు పెడతాయి, ఆ గీతల్లో శిలీంధ్రాలు చేరతాయి. మరిగే నీరు పోస్తే సెట్టు వంకర పోతుంది. ఒకసారి వంకర పోయాక ఏ జిగురూ దాన్ని నిలబెట్టలేదు. శుభ్రపరచే మాత్రలు వాడితే వాటిని గిన్నె నీటిలోనే వేయాలి. నోట్లో పెట్టుకోకూడదు. మతిమరుపు ఉన్న పెద్దవారి చేతికి అందకుండా దాచాలి.

రాత్రంతా సెట్టును మామూలు నీటిలో ఉంచి, చిగుళ్ళకు విశ్రాంతినివ్వాలి. ఇది కేవలం చిగుళ్ళ సంగతి కాదు. జపాన్‌లో 85 ఏళ్ళు, ఆపైబడిన 524 మంది మీద జరిగిన పరిశీలన 2015లో ప్రచురితమైంది. కట్టుడు పళ్ళతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా వచ్చే ప్రమాదం మిగతావారికన్నా రెండింతలకు మించి ఉన్నట్లు అందులో కనిపించింది. జిగురు వాడేవారు అది బాగా పట్టుకుని ఉంది కదా అని తీయకుండానే పడుకోవడం కద్దు. అలా చేయనివ్వకండి.

జింకు సంగతి

ఇప్పుడు మీరు జాగ్రత్తగా వినవలసిన విషయానికి వద్దాం. కొన్ని జిగురుల్లో పట్టు పెంచడానికి జింకు లవణం కలిపేవారు. జింకు మన శరీరానికి అవసరమే. పెద్దవారికి రోజుకు 8 నుంచి 11 మిల్లీగ్రాములు చాలని, 40 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి.

2008లో అమెరికా నరాల వైద్య పత్రిక ఒకదానిలో నలుగురు రోగుల కథ వెలువడింది. అందరూ కట్టుడు పళ్ళు వాడేవారే. సెట్లు సరిగ్గా అమరక వారానికి రెండు ట్యూబులు, అంతకు మించి కూడా జిగురు వాడుతూ వచ్చారు. వారి రక్తంలో రాగి బాగా తగ్గిపోయింది. కాళ్ళూ చేతులూ బలహీనపడ్డాయి, నడక తడబడింది. వైద్యులు వెతికి వెతికి కారణం జిగురు ట్యూబులో కనుగొన్నారు.

లెక్క మీరే వేయండి. ట్యూబు 68 గ్రాములు. వారానికి రెండంటే 136 గ్రాములు, అంటే రోజుకు సుమారు 19 గ్రాములు. ఆనాడు పరీక్షించిన క్రీముల్లో గ్రాముకు దాదాపు 17 నుంచి 34 మిల్లీగ్రాముల జింకు ఉంది. తక్కువ అంకె తీసుకున్నా రోజుకు 320 మిల్లీగ్రాములు దాటుతుంది. పూసిందంతా కడుపులోకి పోదనుకున్నా, అందులో నాలుగో వంతు పోయినా 40 మిల్లీగ్రాముల హద్దు దాటిపోయినట్లే.

జింకు పెరిగితే రాగి ఎందుకు తగ్గుతుంది? జింకు ఎక్కువైనప్పుడు పేగు గోడలోని కణాలు మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. ఆ ప్రోటీన్‌కు జింకు కన్నా రాగి మీద మక్కువ ఎక్కువ. ఆహారంలోని రాగిని అది పట్టి ఉంచుతుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి కూడా మలంతో బయటికి పోతుంది. రాగి లేకపోతే రక్తకణాల తయారీ దెబ్బతింటుంది, వెన్నుపాములోని నరాలు దెబ్బతింటాయి. చికిత్సతో రక్తం కోలుకున్నా, నరాలకు జరిగిన నష్టం చాలామందిలో పూర్తిగా తీరదు. 2010లో ఒక పెద్ద తయారీ సంస్థ జింకు ఉన్న జిగురుల తయారీని ఆపివేసింది. జింకు లేని రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా ట్యూబు మీద రాసిన పదార్థాల పట్టిక చూడకుండా కొనవద్దు. ఆ చిన్న ఇంగ్లీషు అక్షరాలను ఇంట్లో చదవగలిగిన కళ్ళు మీవే. ఈ ప్రసంగం మీకు ఎందుకన్న ప్రశ్నకు ఇదే జవాబు.

భయపడి జిగురు మానిపించవలసిన పని లేదు. సరిగ్గా అమరిన సెట్టుకు శనగ గింజంత వాడేవారికి ఈ ప్రమాదం రాలేదు. జిగురుతో సెట్టు లోపాన్ని కప్పిపుచ్చుకున్నవారికే వచ్చింది.

ఎవరు వాడకూడదు, ఎప్పుడు ఆపాలి?

చిగుళ్ళ మీద పుండ్లు, ఎర్రటి వాపు ఉన్నప్పుడు, పళ్ళు తీయించుకున్న పచ్చి గాయాల మీద, వైద్యులు చెప్పకుండా జిగురు వాడకూడదు. పగిలిన సెట్టును జిగురుతో నిలబెట్టకూడదు. విరిగిన సెట్టును బజారులో దొరికే తక్షణం అతికే గమ్ముతో ఇంట్లోనే అతికించే వారున్నారు. అది నోట్లో పెట్టవలసిన పదార్థం కాదు, అతుకు కూడా సరైన చోట కూర్చోదు. నోరు ఎండిపోయేవారికి జిగురు ఉపయోగపడవచ్చు గాని, నోరు ఎందుకు ఎండుతోందో ముందు కనుక్కోవాలి. మధుమేహం వల్ల కావచ్చు, వాడే మందుల వల్ల కావచ్చు.

రెండు వారాల్లో మానని నోటి పుండును సెట్టు రాపిడి అని తీసిపారేయవద్దు. ముఖ్యంగా పొగాకు, గుట్కా, చుట్ట అలవాటు ఉన్నవారిని వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. జిగురు బాగా వాడేవారికి కాళ్ళూ చేతుల్లో తిమ్మిరి, నడకలో తడబాటు కనిపిస్తే ఏ ట్యూబు, ఎన్నాళ్ళకు ఒకటి వాడుతున్నారో వైద్యులకు తప్పక చెప్పాలి. శస్త్రచికిత్సకు వెళ్ళేటప్పుడు కట్టుడు పళ్ళున్నాయని ముందే చెప్పి తీసి ఇవ్వాలి.

సెట్టు వదులైతే ప్రతిసారీ కొత్తది చేయించవలసిన అవసరం లేదు. లోపలి వైపు కొత్త పొర వేసి, తగ్గిన గట్టుకు సరిపడేలా అమర్చే పద్ధతి ఉంది. దాన్ని రీలైనింగ్ అంటారు. దంతవైద్య కళాశాలల ఆసుపత్రుల్లో కట్టుడు పళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటుంది. అక్కడ ఏడాదికి ఒకసారి చూపించుకోవడం మంచిది. నొప్పి లేకపోయినా వెళ్ళాలి, ఎందుకంటే ఎముక కరగడం నొప్పి పుట్టించదు.

మా దగ్గరికి వచ్చిన పెద్దాయన నోట్లో చిగుళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి. ముందు కొన్నాళ్ళు సెట్టు తీసి ఉంచమన్నాం. పదకొండేళ్ళ పాత సెట్టుకు కొత్త పొర కూడా సరిపోదని తేలి, కొత్త సెట్టు చేశాం. "ఇక జిగురు అక్కర్లేదా?" అని మనవరాలు అడిగింది. కింది సెట్టుకు అక్కర ఉంది, మూడు శనగ గింజలంత. ఆ మాట కూడా దాచకుండా చెప్పాం. ఎముక తిరిగి పెరగదు. ఆరు నెలల తరువాత తాతామనవరాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ అమ్మాయి ఈసారి కూడా క్యాలెండరు తెచ్చింది. సున్నాలు దూరదూరంగా ఉన్నాయి. మధ్యలో ఒక తేదీకి మాత్రం ఎర్ర సిరాతో గీత ఉంది. అదేమిటని అడిగితే పెద్దాయనే చెప్పాడు: "మా మేనల్లుడి పెళ్ళి అండీ. పంక్తిలో కూర్చున్నాను."

విద్యార్థులారా, ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. ఇంట్లోగాని, పక్కింట్లోగాని కట్టుడు పళ్ళు వాడే పెద్దవారుంటే జిగురు వాడుతున్నారేమో మర్యాదగా అడగండి. ట్యూబు మీద జింకు ఉందేమో చదివి చెప్పండి. కొత్త ట్యూబు తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. ట్యూబులు త్వరత్వరగా అయిపోతుంటే ఇంకో ట్యూబు కొనకముందే వారిని వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి.